పేర్లు – పరమార్థాలు: జువైరియా

ఈ నెల మేము పరిచయం చేయదలచిన పేరు జువైరియా. మన తెలుగు ముస్లిం కుటుంబాలలో ఆయిషా, ఫాతిమా, ఖదీజా, జైనబ్ అనే పేర్లు వినిపించినంతగా ఈ పేరు వినిపించదు. మా మదరసాలో హాజరు పలికేటప్పుడు ఆయిషాలను వేరుపరచడానికి తండ్రుల పేర్లు కూడా జోడించి పిలవవలసి వస్తుంది. జువైరియా అని పిలిస్తే ఒక్క గొంతే పలుకుతుంది. కొన్ని సంవత్సరాలు ఆ ఒక్క గొంతూ ఉండదు.

ఇంత అరుదైన పేరును ఇప్పుడు చేపట్టడానికి ఒక ఉత్తరం కారణం. కోస్తా జిల్లాల నుండి ఒక సోదరి వ్రాశారు. ఆమె కుమార్తె ఏడవ తరగతి చదువుతున్నది. పేరు జువైరియా. విశ్వాసుల మాతృమూర్తులలో ఒకరి పేరని తెలిసి తల్లే ఇష్టపడి పెట్టుకున్న పేరు అది. బంధువుల ఇంట వలీమా విందులో ఉర్దూ బాగా చదువుకున్న పెద్దమనిషి ఒకరు అమ్మాయి పేరు అడిగారు. విని, ఇది ‘జారియా’ నుండి వచ్చిన మాట అనీ, జారియా అంటే బాందీ, దాసి అనీ, తెలిసినవాళ్ళెవరూ పిల్లకు ఇలాంటి పేరు పెట్టరనీ పదిమందిలో అన్నారు. పిల్లలు నవ్వారు. ఆనాటి నుండి అమ్మాయి తన నోటుపుస్తకాలమీద పేరున్న చీటీలు చించివేసి ‘జోయా’ అని వ్రాసుకుంటున్నది. తండ్రి గెజిట్‌లో ప్రకటన ఇచ్చి పేరు మార్పించాలని ఆలోచిస్తున్నారు. ఆ అర్థం నిజమేనా, నిజమైతే పేరు మార్చడం తప్పనిసరా అని ఆ సోదరి అడిగారు.

పెద్దమనిషి చెప్పిన మాటలో సగం ఉన్నది. జువైరియా అనే పదం జారియా నుండే వచ్చింది. ఉర్దూ నిఘంటువు తెరిస్తే జారియాకు ఎదురుగా దాసి అనే అర్థమే కనబడుతుంది. అరబీలోనూ ఆ వాడుక ఉన్నది, కాదనలేము. అయితే అరబీలో ఆ పదానికి మొదటి అర్థం అది కాదు. దాని ధాతువు జీమ్, రా, యా. పరుగెత్తడం, ప్రవహించడం, సాగిపోవడం ఆ ధాతువుకు అర్థాలు. దివ్యఖుర్‌ఆన్‌లో స్వర్గంలోని పారే ఊటను వర్ణించేటప్పుడు వచ్చిన విశేషణం జారియా (గాషియా సూరా, 12). నూహ్ (అ) కాలపు జలప్రళయంలో విశ్వాసులను మోసిన ఓడకు వాడిన మాటా జారియాయే (హాఖ్ఖా సూరా, 11). మనిషి మరణించిన తరువాత కూడా పుణ్యం అందుతూనే ఉండే దానాన్ని మన ఇళ్ళలో ‘సదఖయె జారియా’ అంటాము. ఆ జారియా ఇదే. అంతదూరం ఎందుకు? తాసీల్దారు కచేరీ నుండి నోటీసు ‘జారీ’ అయిందని మన తెలుగువారందరూ అనే మాట కూడా ఈ ధాతువునుండి పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి నడిచి వచ్చినదే. (తెలుగులో కాలు జారడానికీ దీనికీ చుట్టరికం లేదు. ఆ ‘జారు’ మన సొంత మాట.)

పరుగెత్తేది అనే భావం నుండే అరబ్బులు ఆడపిల్లను జారియా అన్నారు. ఇంట్లో ఒకచోట నిలవకుండా ఆడుతూ తిరిగే బాలిక జారియా. ఈద్ రోజున హజ్రత్ ఆయిషా (రజి) ఇంట పాడిన ఇద్దరు బాలికలను హదీసు జారియాలనే పేర్కొన్నది. ఇద్దరు ఆడపిల్లలను యుక్తవయస్సు వచ్చేదాకా పోషించి పెంచినవారు ప్రళయదినాన తనతో ఇలా ఉంటారని దైవప్రవక్త (స) తమ వేళ్ళను జతచేసి చూపిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఆ హదీసులో ‘ఇద్దరు ఆడపిల్లలు’ అని మనం అనువదించుకునే చోట అరబీ మూలంలో ఉన్న పదం ‘జారియతైన్’. ఇద్దరు జారియాలు! కుమార్తెలు గల తండ్రులు ఎంతో మురిపెంగా చెప్పుకునే ఈ హదీసులో దాసి అనే అర్థాన్ని ఎవరు చదువుతారు?

మరి దాసి అనే అర్థం ఎలా వచ్చింది? మన తెలుగునే చూడండి. ‘పిల్ల’ అంటే ఆడపిల్ల. ఇంట్లో అంట్లు తోమడానికి కుదిరిన అమ్మాయినీ ‘మా పనిపిల్ల’ అంటారు, కొన్ని ఇళ్ళలో ఉత్త ‘పిల్ల’ అనే అంటారు. దుకాణంలో తక్కెడ పట్టే నలభై ఏళ్ళవాడు కూడా ‘కుర్రాడే’. ఎదుటివాని వయసును తగ్గించి పిలవడం ద్వారా హోదాను తగ్గించే అలవాటు లోకంలో అన్ని భాషలలోనూ ఉన్నట్లున్నది. అంతమాత్రాన పిల్ల అనే మాటకు సేవకి అని అర్థం స్థిరపడదు. ఉర్దూ చేసినదేమంటే, అరబీలోని ఆ పక్క అర్థాన్ని మాత్రం పట్టుకుని అసలు అర్థాన్ని వదిలివేసింది. ‘గులాం’ విషయంలోనూ ఇదే జరిగింది. ఉర్దూలో గులాం అంటే బానిస. తెలుగులో ‘గులాము’ కూడా అంతే. కాని జకరియ్యా (అ)కు యహ్యా పుడతాడనీ, మర్యమ్ (అ)కు ఈసా పుడతాడనీ దైవదూతలు శుభవార్త వినిపించినప్పుడు ఖుర్‌ఆన్ వాడిన మాట గులాం (మర్యమ్ సూరా, 7, 19). అక్కడ దాని అర్థం మగబిడ్డ. ఉర్దూ నిఘంటువును చేతబట్టి ఆ ఆయతుకు అర్థం చెప్పబోయేవారిని ఏ పసివాడైనా సరిదిద్దుతాడు. జారియాకు మాత్రం ఆ న్యాయం ఎందుకు దక్కకూడదు?

ఇక జువైరియా. ఇది జారియాకు లఘురూపం. అరబీ వ్యాకరణంలో దీనిని ‘తస్గీర్’ అంటారు. చిన్నదనాన్నో ముద్దునో తెలపడానికి పదం నడుమ ‘ఐ’ ధ్వనిని చేర్చి రూపాన్ని మారుస్తారు. హసన్ నుండి హుసైన్, పిల్లి అనే అర్థమున్న హిర్ర నుండి పిల్లికూన అయిన హురైరా వచ్చినట్లే జారియా నుండి జువైరియా వచ్చింది. తెలుగులో మనం పేరుకు ముందు చిట్టి, చిన్ని, బుజ్జి చేర్చి పిలవడంవంటిది ఇది. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి హితబోధ చేస్తూ ‘యా బునయ్య’ అని సంబోధించిన తీరు కూడా ఈ లఘురూపమే. ‘ఓ కుమారుడా’ అని మన అనువాదాలలో ఉంటుంది గాని ‘నా చిన్ని తండ్రీ’ అంటే ఆ మాటలోని తడి కాస్త అందుతుంది. జువైరియాను ఆ విధంగా తెనిగిస్తే ‘చిట్టితల్లి’ అనవచ్చు. ఇంతకుమించిన గూఢార్థం ఈ పేరులో లేదు.

అంతర్జాలంలో ఈ పేరుకు గులాబీ అనీ, రత్నం అనీ అర్థాలు చెబుతున్నారు. గులాబీని అరబీలో ‘జూరీ’ అంటారు. పారసీక దేశపు జూర్ అనే పట్టణం పేరిట ఆ గులాబీకి వచ్చిన పేరది, జువైరియాతో సంబంధం లేదు. రత్నానికి జౌహర్, జవాహిర్ అనే మాటలున్నాయి. వాటి అక్షరాలు వేరు, ధాతువు వేరు. పేరు నచ్చింది కదా అని దానికి లేని నగలు తొడగడం తగదు.

ఇప్పుడు ఈ పేరును చరిత్రలో నిలిపిన మహనీయురాలి సంగతి. బనూ ముస్తలిఖ్ అనేది ఖుజాఆ తెగలో ఒక శాఖ. ఆ శాఖ నాయకుడు హారిస్ బిన్ అబీ జిరార్. ఆయన కుమార్తెకు ఇంట పెట్టిన పేరు బర్రా. హిజ్రీ 5లో (కొందరు చరిత్రకారుల లెక్కలో 6లో), అనగా క్రీ.శ. 627 ప్రాంతంలో మురైసీ అనే నీటివనరు వద్ద జరిగిన పోరులో ఆ తెగ ఓడిపోయింది. ఆమె భర్త హతుడయ్యాడు. నాయకుని బిడ్డ బందీగా మదీనా చేరి సాబిత్ బిన్ ఖైస్ (రజి) వంతుకు వచ్చింది. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. కొంత ధనం చెల్లించి విముక్తి పొందేట్లు వెంటనే ఒప్పందం వ్రాయించుకున్నది. షరీఅత్‌లో దీనిని ‘ముకాతబా’ అంటారు. ఆ ధనానికి సహాయం కోరుతూ స్వయంగా దైవప్రవక్త (స) వద్దకు వచ్చింది. తానెవరి కుమార్తెనో, తనకేమి ఆపద వచ్చిపడిందో చెప్పుకున్నది. ఆ ధనం తాము చెల్లించి ఆమెను వివాహమాడతామని ప్రవక్త (స) ప్రతిపాదించగా సమ్మతించింది.

ఈ వృత్తాంతాన్ని మనకు అందించినది హజ్రత్ ఆయిషా (రజి). గుమ్మంలో ఆమెను చూడగానే తన మనసుకు నచ్చలేదనీ, ఆమె సౌందర్యాన్ని తాను చూసినట్లే ప్రవక్త (స) కూడా చూస్తారని తెలుసుననీ ఆయిషా (రజి) దాపరికం లేకుండా చెప్పారు. అంత నిజాయతీగా చెప్పిన ఆమే తరువాత సంగతి కూడా చెప్పారు. వివాహవార్త మదీనాలో వ్యాపించగానే సహాబీలు తమవద్ద ఉన్న బనూ ముస్తలిఖ్ బందీలను విడిచిపెట్టారు. వారిప్పుడు ప్రవక్తకు అత్తవారివైపు బంధువులు, వారిని బందీలుగా ఎలా ఉంచుకుంటాము అన్నారు. ఆ విధంగా దాదాపు నూరు కుటుంబాలు స్వేచ్ఛ పొందాయి. తన జాతికి ఇంతకన్నా శుభప్రదమైన స్త్రీని తాను ఎరుగనని ఆయిషా (రజి) సాక్ష్యం. ఈ హదీసు అబూ దావూద్, ముస్నద్ అహ్మద్ గ్రంథాలలో ఉన్నది. దాసి పేరు అని వలీమా పందిరిలో అనిపించుకున్న పేరు వెనుక ఉన్న చరిత్ర ఇది. ఒక స్త్రీ తాను విడుదల కావడమే గాక నూరు ఇళ్ళ సంకెళ్ళు తెగడానికి కారణమయింది.

ఆమె పేరును బర్రా నుండి జువైరియాగా మార్చినది దైవప్రవక్త (స) వారే. సహీహ్ ముస్లింలో ఇబ్న్ అబ్బాస్ (రజి) ఉల్లేఖనం ఇది. ఇక్కడ పాఠకులు కాస్త ఆగి ఆలోచించాలని మా కోరిక. బర్రా అంటే పుణ్యవతి, సచ్ఛీలురాలు. నాయకుని కుమార్తెకు తగిన ఘనమైన పేరు. జువైరియా అంటే చిట్టితల్లి. మనమైతే చిన్న అర్థమున్న పేరును మార్చి పెద్ద అర్థమున్న పేరు పెడతాము. ప్రవక్త (స) దానికి విరుద్ధంగా చేశారు. ఎందుకు? తాము ఆమె ఇంటినుండి బయటికి వెళ్ళినప్పుడు, బర్రా దగ్గరనుండి వెళ్ళారు, అనగా పుణ్యాన్ని విడిచి వెళ్ళారు అన్నట్లుగా మాట పడడం వారికి ఇష్టం లేదని ఇబ్న్ అబ్బాస్ (రజి) కారణం చెప్పారు. 

మరొక కారణం ఇంకొక హదీసులో దొరుకుతుంది. ముహమ్మద్ బిన్ అమ్ర్ బిన్ అతా అనే తాబయీ తన కుమార్తెకు బర్రా అని పేరు పెట్టుకున్నారు. అప్పుడు అబూ సలమా కుమార్తె జైనబ్ (రజి) ఆయనకు తన సొంత సంగతి చెప్పారు. ఆమె మొదటి పేరు కూడా బర్రాయే. ప్రవక్త (స) ఆ పేరు వద్దన్నారు. మీకు మీరే పవిత్రులమని చాటుకోవద్దు, మీలో పుణ్యాత్ములెవరో అల్లాహ్‌కే బాగా తెలుసు అనే భావంతో చెప్పి జైనబ్ అని పెట్టించారు. నజ్మ్ సూరా 32వ ఆయతులోని బోధ కూడా ఇదే.

చెడు అర్థం ఉన్న పేరునూ వారు మార్చారు. హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తె పేరు ‘ఆసియా’ను జమీలాగా మార్చడం దానికి ఉదాహరణ. అక్కడి ఆసియా ఐన్, సాద్ అక్షరాలతో వ్రాసేది, అవిధేయురాలు అని అర్థం. ఫిరౌను భార్య, పుణ్యవతి అయిన ఆసియా (అ) పేరు అలిఫ్, సీన్‌లతో ఉంటుంది. తెలుగు లిపిలో రెండూ ఒకే విధంగా కనబడతాయి గనుక ఈ పేరు ఉన్నవారు కంగారుపడవద్దు.

మేము చెప్పదలచినదేమంటే, చెడు అర్థమున్న పేర్లను సరిదిద్దిన ప్రవక్త (స), బందీగా వచ్చి అప్పుడే విముక్తి పొందిన స్త్రీకి తామే ఏరి జువైరియా అనే పేరు పెట్టారు. ఈ మాటలో దాస్యపు వాసన ఉంటే ఆ స్థితిలో ఉన్న స్త్రీకి, అందునా తమ ధర్మపత్నికి దానిని పెట్టి ఉండేవారా? ఉర్దూ విద్వాంసునికి అరబీ పదం మీద సందేహం రావడం సహజమే. ఆ సందేహాన్ని ఆయన ఒక ఆలిమ్ దగ్గరకు తీసుకువెళ్ళి ఉండవలసింది. పన్నెండేళ్ళ పిల్ల ముఖంమీద, పదిమంది నడుమ పరిష్కరించబోవడం మర్యాద కాదు.

ఈ మధ్య మావద్దకు వచ్చే తల్లిదండ్రులలో ఎక్కువమంది అడిగేది ఒకటే. ఎవరికీ లేని పేరు కావాలి, అర్థం గొప్పగా ఉండాలి. ఫోనులో చూపిస్తారు. స్వర్గద్వారం, దేవదూతల కానుక, వెన్నెల రాణి వంటి అర్థాలుంటాయి. వాటిలో కొన్ని ఏ భాషలోనూ లేని మాటలు, అర్థాలు ఎవరో అల్లినవి. మన నాయనమ్మల తరంలో మస్తాన్‌బీ, ఖాసింబీ, హుస్సేన్‌బీ, మౌలాబీ వంటి పేర్లుండేవి. వాటిమీద చర్చ ఉన్నా అవి కనీసం ఊరందరి నోట పలికే పేర్లు. ఇప్పటి కొత్త పేర్లు కొన్ని పెట్టిన తల్లికే నోరు తిరగవు. పిల్లను ఆకాశానికెత్తే పేరుకోసం రాత్రులు వెతికేవారికి, ప్రవక్త (స) ఏరిన ఈ పేరుకు అర్థం ‘చిట్టితల్లి’ మాత్రమేనని చెబితే నిరుత్సాహపడతారేమో.

హజ్రత్ జువైరియా (రజి) ఆరాధనాపరురాలు. ఆమె పేరు వినగానే హదీసు విద్యార్థికి గుర్తు వచ్చేది ఒక ఉదయం. ఫజ్ర్ నమాజు చేసి ఆమె తన నమాజు స్థలంలోనే కూర్చుని జిక్ర్ చేస్తున్నారు. ప్రవక్త (స) బయటికి వెళ్ళి, పొద్దెక్కిన తరువాత తిరిగి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నారు. తాను వెళ్ళినప్పటినుండి ఇలాగే ఉన్నావా అని అడిగి, తాను అనంతరం మూడుసార్లు పలికిన నాలుగు వాక్యాలను ఈనాడు ఆమె పలికిన వాటన్నిటితో తూస్తే అవే బరువు తూగుతాయని చెప్పి వాటిని నేర్పారు. అల్లాహ్ సృష్టి ఎంత సంఖ్యలో ఉన్నదో అంత, ఆయన ఎంతకు ప్రసన్నుడౌతాడో అంత, ఆయన సింహాసనం ఎంత బరువో అంత, ఆయన మాటలు వ్రాయడానికి ఎంత సిరా కావాలో అంత ఆయన పవిత్రతను కొనియాడడం వాటి సారాంశం. ఇంటిపనితో ఊపిరి సలపని మన తల్లులకు ఈ జిక్ర్ గొప్ప వరం. దీనిని మనకు చేర్చినది ఆమెయే. శుక్రవారం ఒక్కరోజు మాత్రం ప్రత్యేకించి నఫిల్ ఉపవాసం ఉండవద్దనే నియమం కూడా ఆమె ఉల్లేఖనంతోనే సహీహ్ బుఖారీలో ఉన్నది. ఆమె మదీనాలో పరమపదించారు. సంవత్సరం హిజ్రీ 50 అని ఒక కథనం, 56 అని మరొకటి.

ఒక వింత కూడా చెబుతాము. ఇది పురుషులకూ ఉన్న పేరు! బస్రా నగరంలో జువైరియా బిన్ అస్మా అనే ప్రముఖ హదీసు ఉల్లేఖకుడు ఉండేవారు. ఇమామ్ మాలిక్ వద్దనుండి హదీసులు ఉల్లేఖించిన ఆయన పేరు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో వస్తుంది. ఆయన తండ్రి పేరు అస్మా కావడం మరింత వింత. కొత్త విద్యార్థులు ఈ సనదు చదివేటప్పుడు తల్లీకూతుళ్ళనుకుని తికమకపడుతుంటారు.

నేడు అరబ్బు దేశాలలో, ఇండోనేషియాలో ఈ పేరు వాడుకలో ఉన్నది. ఉర్దూ మాట్లాడే ప్రాంతాలలో ‘వ’కారం గట్టిపడి, ‘ఐ’ కాస్తా ‘ఏ’గా మారి జువేరియా, జవేరియా అయింది. పాకిస్తాన్ మహిళా క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన జవేరియా ఖాన్ పేరు ఇదేనని మా విద్యార్థులే మాకు చెప్పారు. హైదరాబాదులోనూ జువేరియా అనే పలుకుబడే ఎక్కువ. అది తప్పుపట్టవలసినది కాదు గాని, వ్రాయడానికి జువైరియా సరైనది. సుమయ్యా, రుఖయ్యాలలో వలె చివరి యకారానికి ఒత్తు లేదు.

వ్రాత గురించి ఒక ముఖ్య సూచన. జననాన్ని 21 రోజులలోపు నమోదు చేయించాలి. అఖీఖానాటికి పేరు తేలకపోయినా నమోదు ఆపవద్దు. పేరు లేకుండానే జననం నమోదు చేయించి, 12 నెలలలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో ప్రవేశానికీ, ఆధార్‌కూ జనన ధ్రువపత్రమే ఆధారం. ఇలాంటి అరుదైన పేరును గుమాస్తాకు నోటితో చెప్పక, తెలుగులోనూ ఆంగ్లంలోనూ కాగితంమీద పొడి అక్షరాలతో వ్రాసి ఇవ్వండి. ఒకే బాలిక పేరు ఆధార్‌లో ఒక తీరుగా, మార్కుల పట్టికలో ఇంకొక తీరుగా ఉండడం మేము చాలాసార్లు చూశాము.

ఇక ఆ సోదరి రెండవ ప్రశ్న. పేరు మార్చవలసిన అవసరం షరీఅత్ దృష్ట్యా ఏమాత్రమూ లేదు. గెజిట్ ఖర్చు మానుకోవచ్చు. అమ్మాయి ఎంచుకున్న జోయా అరబీ మాట కాదు. గ్రీకు భాషలో పుట్టి రష్యా వైపునుండి వచ్చిన పేరు, జీవం అని అర్థం. అందులో దోషం లేదు గనుక స్నేహితురాళ్ళు అలా పిలిస్తే కోప్పడవద్దు. మర్యమ్ (అ)కు ఆ పేరు పెట్టినది ఆమె తల్లియేనని ఆలి ఇమ్రాన్ సూరాలో ఉన్నది. అమ్మాయికి ఈ పేరు పెట్టినదీ తల్లియే గనుక, దానిని ఎందుకు ఎంచుకున్నారో వేరెవరో గాక ఆమే కూర్చోబెట్టి చెప్పాలి. నూరు కుటుంబాల సంగతి ముందు చెప్పండి. వ్యాకరణం తరువాత చూసుకోవచ్చు.

వచ్చే నెల బరీరా అనే పేరును గురించి.